నేపాల్ నుంచి పెన్‌స్టాక్ పైపుల ఎంక్వైరీ: కొండల్లో జల విద్యుత్తు మేలా, ముప్పా?

ఆటోనగర్ షెడ్డు (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఇన్నాళ్లూ స్టీలు ప్లాంటు పనులు, పోర్టు పనులు, ఫార్మా ట్యాంకులతోనే నెట్టుకొచ్చాం. తెలిసినాయన ద్వారా ఈమధ్య నేపాల్ నుంచి ఒక ఎంక్వైరీ వచ్చింది. అక్కడి ప్రైవేటు జల విద్యుత్ కేంద్రానికి పెన్‌స్టాక్ (కొండ మీది నుంచి టర్బైన్‌కి నీళ్లు దించే లావు గొట్టం) పైపు ముక్కలు, రెండు గేట్లు కావాలట. అరిగిపోయిన గైడ్ వేన్లకు (టర్బైన్‌లోకి నీళ్లని మళ్లించే రెక్కలు) వెల్డింగుతో బిల్డప్ చేసి కోటింగ్ వేయడం కూడా అందులోనే ఉంది. శాంపిల్‌గా ఒక వేన్ పంపారు. ఇసుక నీళ్ల పంపుల్లో కూడా ఇంతలా తినేసిన స్టీలు నేను చూడలేదు. అంచంతా ఎలుకలు కొరికిన కొబ్బరి చిప్పలా ఉంది. చేత్తో రాస్తే రక్తం వస్తుంది.

మా అమ్మాయి ఏయూలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదువుతోంది. "నాన్నా, కొండల్నీ ఊళ్లనీ ముంచేవాటికి పైపులు చేసిస్తావా" అని ఒకటే గోల. మా తమ్ముడేమో "బొగ్గు కంటే వెయ్యి రెట్లు నయం, పరవాడ బొగ్గు కరెంటు కేంద్రం బూడిద పీల్చేది మనమే కదా" అంటాడు. రోజూ భోజనాల దగ్గర ఇదే పంచాయితీ. తెలిసినవాళ్లు చెప్పండి. ఈ కొండ దేశాలకు జల విద్యుత్తు వల్ల నిజంగా ఒరిగేదేంటి? ఇంకో స్వార్థపు ప్రశ్న కూడా: ఈ లైనులో పని పదేళ్ల పాటు ఉంటుందా, లేక మెషిన్లు కొన్నాక చేతులు కాల్చుకోవాలా?

---

లెక్కల మాస్టారు (శనివారం రాత్రి)

ముందు మీ అమ్మాయికి ఒక సంగతి చెప్పండి. నేపాల్ డ్యామ్ అనగానే నాగార్జునసాగర్‌ని ఊహించుకోవద్దు. అక్కడివి ఎక్కువగా రన్ ఆఫ్ ది రివర్ కేంద్రాలు. నదికి అడ్డంగా ఒక మోస్తరు కట్ట, పక్కన ఇసుక దిగడానికి తొట్టి, అక్కడి నుంచి కొండలో సొరంగం, సొరంగం చివర మీరు చేయబోయే పెన్‌స్టాక్, అడుగున పవర్ హౌస్. నీళ్లు నిలవ పెట్టరు. వచ్చినవాటిని వచ్చినట్టే తిప్పి మళ్లీ నదిలో వదిలేస్తారు. 2021లో మొదలైన అప్పర్ తామాకోశీ 456 మెగావాట్లు. నీళ్లు 800 మీటర్లకు పైగా కిందికి పడతాయి. అంత ఎత్తు దొరికితే తక్కువ నీళ్లతోనే బోలెడు కరెంటు. మన పోలవరం 960 మెగావాట్లే, కానీ నిర్వాసిత కుటుంబాలు లక్ష దాటాయి. పోలవరం సాగునీటికి కూడా కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదు. అయినా ముంపు సంగతి అర్థం కావడానికి చెప్పాను.

బొగ్గు లేదు, చమురు లేదు, సముద్రం లేదు. నేపాల్, భూటాన్‌లకు ఉన్నదల్లా ఎత్తూ, నీళ్లూ. భూటాన్ సంగతే తీసుకోండి. చుఖా 336 మెగావాట్లు, తాలా 1020, మాంగ్దేఛు 720. ఎక్కువ భాగం మన డబ్బుతో, మన ఇంజినీర్లతో కట్టారు, మిగిలిన కరెంటు మనకే అమ్ముతున్నారు. ఆ దేశంలో స్కూళ్లూ ఆస్పత్రులూ నడవడంలో ఆ సొమ్ము వాటా చిన్నది కాదు. మీ తమ్ముడి వైపే నా ఓటు.

---

బీచ్ రోడ్డు (శనివారం రాత్రి)

మాస్టారూ, అంత గొప్పదైతే అదే భూటాన్ చలికాలంలో మన దగ్గర కరెంటు కొనుక్కోవడం ఏంటి మరి? 😀

---

ఖాట్మండు కోడలు (ఆదివారం ఉదయం)

నేను పుట్టింది పెదవాల్తేరులో, మెట్టింది ఖాట్మండులో. చూసింది చెబుతాను.

2008–09 చలికాలంలో ఇక్కడ రోజుకు 16 గంటలు కరెంటు కోత ఉండేదని మా అత్తగారు ఇప్పటికీ కథలుగా చెబుతారు. ఏ పేటకి ఏ వేళ కరెంటో పేపర్లో పట్టిక వేసేవారట. రాత్రి రెండింటికి లేచి మిక్సీ వేసుకున్న రోజులట అవి. 2016లో కుల్‌మాన్ ఘిసింగ్ విద్యుత్ సంస్థకి వచ్చాక రాజధానిలో కోత ఆగిపోయింది. జనం ఆయన్ని దేవుడన్నారు. అయితే అది కొత్త డ్యాముల మహిమ అనుకుంటే పొరపాటు. అదే ఏడాది బీహార్‌లోని ముజఫర్‌పుర్ నుంచి ఢల్కేబర్‌కి లైను వచ్చింది, మన కరెంటు ఇటు పారింది. ఫ్యాక్టరీలకు ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్న దొంగదారి సరఫరాని కూడా ఆయన కట్టడి చేశాడు. అప్పర్ తామాకోశీ లాంటివి వచ్చింది ఆ తర్వాత.

ఇప్పటి మాట వేరు. 2015లో సరిహద్దు మూతపడి గ్యాస్ సిలిండర్ దొరకని రోజుల్లో జనం ఇండక్షన్ స్టవ్వులకి అలవాటుపడ్డారు. కొత్తగా దిగే కార్లలో సగానికి పైగా కరెంటువే. డీజిల్ బిల్లు, గ్యాస్ బిల్లు విదేశాలకి పోయే దేశానికి ఇది తక్కువ మేలు కాదు. 2023–24లో నేపాల్ మొదటిసారి కొన్నదానికంటే ఎక్కువ కరెంటు అమ్మింది. బంగ్లాదేశ్‌కి కూడా మన లైన్ల మీదుగా 40 మెగావాట్లు పోతోంది. ఒప్పందం జూన్ మధ్య నుంచి నవంబరు మధ్య వరకే. ఆ నెలలు గమనించారుగా? వానాకాలం అయ్యాక అమ్మడానికి ఏమీ ఉండదు.

---

లెక్కల మాస్టారు (ఆదివారం ఉదయం)

బీచ్ రోడ్డు గారికి జవాబు కోడలమ్మ ఇచ్చేశారు. నీళ్లు నిలవ పెట్టకపోతే ముంపు ఉండదు, చలికాలంలో కరెంటూ ఉండదు. హిమాలయ నదుల్లో మాఘమాసానికి ప్రవాహం పడిపోయి, స్థాపిత సామర్థ్యంలో మూడోవంతు వస్తే గొప్ప. నిలవ పెడదామంటే ఉత్తరాఖండ్‌లోని తెహ్రీ డ్యామ్‌లా కట్టాలి. 260 మీటర్ల ఎత్తు. పాత తెహ్రీ పట్టణం నీళ్ల కింద ఉంది. లక్షమంది దాకా ఇళ్లు వదిలారు. తజికిస్తాన్ వాళ్లు చలికాలపు కోతలు భరించలేకే 335 మీటర్ల రోగున్ కడుతున్నారు. ఈ రెండు కష్టాల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. రెండూ లేని డ్యామ్ ఎవరూ కట్టలేదు.

---

టన్నెల్ తమ్ముడు (ఆదివారం మధ్యాహ్నం)

మాది టెక్కలి వైపు. సర్వేయర్‌గా హిమాచల్‌లో, సిక్కింలో సొరంగాల్లో చేశాను. మాస్టారు గారు ఏసీ గదిలో కూర్చుని "ముంపు లేదు" అనేశారు, ఏమనుకోకండి. ముంపు లేకపోతే ముప్పు లేనట్టా?

ఒక కేంద్రానికి పదీ పదిహేను కిలోమీటర్ల సొరంగం తవ్వుతాం. పేల్చిన రాయిని మక్ అంటాం. దాన్ని పోయడానికి కొండల్లో చదునైన చోటు ఎక్కడుంటుంది? కాగితం మీద డంపింగ్ యార్డు ఉంటుంది. వానాకాలం వచ్చేసరికి సగం నదిలో ఉంటుంది. సొరంగం తవ్వుతుంటే ఫేస్ (తవ్వుతున్న చివరి గోడ) దగ్గర ఒక్కోసారి నీళ్లు చిమ్ముకొస్తాయి. మేము పంపులు పెట్టి తోడేస్తాం. కొన్నాళ్లకి పైనున్న ఊరోళ్లు బిందెలు పట్టుకుని క్యాంపు గేటు దగ్గరికొస్తారు, వాళ్ల ఊట ఎండిపోయిందని. ఆ నీళ్లే ఈ నీళ్లని కంపెనీ ఏనాడూ ఒప్పుకోదు. నేను చేసిన ఒక సైటులో ఊరికి ట్యాంకరు పెట్టారు. పని అయిపోయాక ట్యాంకరు కూడా ఆగిపోయింది.

ఇంక వరద మాట. 2021 ఫిబ్రవరి 7, ఉత్తరాఖండ్‌లోని చమోలీ. వాన లేదు, ఎండ కాస్తోంది. పైన కొండ నుంచి రాయీ మంచూ కలిసి ఒక్కసారిగా ఊడిపడ్డాయి. 13.2 మెగావాట్ల రిషిగంగ కేంద్రం ఆనవాలు లేకుండా పోయింది. కట్టుబడిలో ఉన్న 520 మెగావాట్ల తపోవన్ సొరంగంలో మా లాంటోళ్లు బురదలో కూరుకుపోయారు. చనిపోయినోళ్లూ గల్లంతైనోళ్లూ కలిపి రెండు వందలు దాటారు. 2023 అక్టోబరులో సిక్కింలో లోనాక్ అనే మంచు సరస్సు తెగింది. గేట్లు ఎత్తేలోపే చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోయింది. 1200 మెగావాట్ల తీస్తా-3 అది. డ్యామ్ వెనకున్న నీళ్లు కూడా ఆ వరదకి తోడై కిందున్న ఊళ్ల మీద పడ్డాయి. డ్యామ్ లేకపోయినా వరద వచ్చేదే, కానీ ఇంత వచ్చేది కాదు.

---

సీలేరు రిటైర్డ్ (ఆదివారం సాయంత్రం)

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. నేను మాత్రం జల విద్యుత్తు అన్నం తిన్నవాణ్ని కాబట్టి నా మాట కూడా విను.

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ పవర్ హౌస్ లోయ అడుగున ఉంటుంది. పైనుంచి వించ్‌లో దిగాలి. కొండవాలు పొడవునా పట్టాలు, పట్టాల మీద ట్రాలీ, పైన ఉక్కు తాడు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మొదటిసారి కళ్లు మూసుకునే దిగేవారు. 1955లో మొదలైన కేంద్రం అది. ఇప్పటికీ కరెంటు ఇస్తోంది. మూడు తరాల ఉద్యోగులు రిటైరయ్యారు, యంత్రాలు కాలేదు. విశాఖలో కరెంటు బల్బు అందరికీ తెలియని రోజుల్లో ఆ కొండల్లోంచే లైను లాగారు. కట్టిన అప్పు ఎప్పుడో తీరింది, ఇంధనం ఖర్చు సున్నా.

అదే నీళ్లు దిగుతూ బలిమెల, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు అన్నింటినీ తిప్పుతాయి. ఎగువ సీలేరు 240, దిగువ సీలేరు 460 మెగావాట్లు. అక్కడితో అయిపోలేదు. శబరిలో కలిసి గోదావరికి పోతాయి. రబీలో గోదావరి వట్టిపోయినప్పుడు డెల్టా రెండో పంట గట్టెక్కేది సీలేరు నీళ్ల మీదే. కోనసీమ రైతుని అడగండి. ఇంకో సంగతి. గ్రిడ్ కుప్పకూలితే బొగ్గు కేంద్రం తనంతట తాను లేవలేదు, దానికి ముందు బయటి నుంచి కరెంటు కావాలి. హైడల్ యూనిట్ నిమిషాల్లో లేస్తుంది. సాయంత్రం ఆరింటికి ఊరంతా ఒకేసారి లైట్లూ ఏసీలూ వేస్తే మోసేది కూడా ఇదే. సోలార్ పెరిగేకొద్దీ దీని అవసరం పెరుగుతుందే గాని తగ్గదు.

షెడ్డు గారి వేన్ గురించి తర్వాత రాస్తాను. దానికి వేరే కథ ఉంది.

---

అనంతగిరి అబ్బాయి (ఆదివారం రాత్రి)

రిటైర్డ్ సారు చెప్పిన వించ్, డెల్టా, గ్రిడ్ అన్నీ నిజమే. ఆ కథలో మావాళ్లు కనబడలేదు, అంతే.

మాచ్‌ఖండ్‌కి నీళ్లిచ్చే జలాపుట్ రిజర్వాయరు నిండినప్పుడు ముంపు ఊళ్ల ఆదివాసులకు ఏం దక్కింది? అప్పటికి ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. పట్టా ఉన్నోడికి నష్టపరిహారం, పోడు కొట్టుకునేవాడికి దారి చూసుకోమనడం. బలిమెల సంగతి ఇంకా ఘోరం. రిజర్వాయరు చుట్టేయడంతో అవతల 150 ఊళ్ల దాకా బయటి ప్రపంచంతో దారి తెగిపోయాయి. ప్రభుత్వ కాగితాల్లోనే దాన్ని కటాఫ్ ఏరియా అన్నారు. కరెంటు తీసింది వాళ్ల నీళ్లలోంచి, వాళ్లకి మాత్రం లాంచీయే గతి. గురుప్రియ వంతెన 2018లో గాని తెరవలేదు. అంటే ఒక తరం మొత్తం కాన్పుకి కూడా లాంచీ ఎక్కింది. ఆ ఊళ్లలో చాలావాటికి కరెంటు వచ్చింది కూడా డెల్టాలో ఫ్రిజ్‌లు వచ్చిన ఎన్నో ఏళ్లకి.

ఇప్పుడు మళ్లీ మొదలైంది. అనంతగిరి, చింతపల్లి వైపు ప్రైవేటు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులకు సర్వేలు జరుగుతున్నాయి. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు, మధ్యలో సొరంగం. పగలు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. మునిగేది చిన్న ఊరేనట. మా ఊళ్లలో వరి పండేది గెడ్డ నీళ్లతో, తాగేది ఊట నీళ్లు. టన్నెల్ తమ్ముడు చెప్పిన బిందెల కథ మాకు రేపటి కథ. ఐదో షెడ్యూలు ప్రాంతం ఇది. పీసా (షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల) చట్టం ప్రకారం గ్రామసభని సంప్రదించాలి. సర్వే రాళ్లు పాతాకే మాకు సంగతి తెలిసింది.

---

బీచ్ రోడ్డు (ఆదివారం రాత్రి)

మరి మీకు రోడ్డూ కరెంటూ కావాలి, ప్రాజెక్టు వద్దు అంటే ఎలా బాసూ?

---

అనంతగిరి అబ్బాయి (ఆదివారం రాత్రి)

ఎంవీపీ కాలనీలో రోడ్డు వేసినప్పుడు మీ ఇల్లు ముంచి వేశారా అన్నా? మీకు ఊరికే వచ్చింది మాకు ఊరు ఇస్తేనే వస్తుందా?

---

మోడరేటర్ (ఆదివారం రాత్రి)

మధ్యలో ఇద్దరు సభ్యులు పార్టీల గొడవ మొదలుపెట్టారు. ఆ నాలుగు పోస్టులూ తీసేశాను. విషయం మీదే మాట్లాడండి.

---

గోపాలపట్నం అమ్మ (సోమవారం ఉదయం)

నాకు ఇంజినీరింగ్ తెలీదు. రోజూ చదవడమే గాని రాయను. 2014 జూన్ 8న బియాస్ నది దగ్గర హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు కదా, ఆ వార్త మీరెవరూ ఎత్తకపోతే ఎత్తుతున్నాను. వాన లేదు, వరద లేదు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. పిల్లలు రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. సైరన్ వినబడేలా లేదు, ఆపేవాడు లేడు. ఆ ఏడాది మా వీధిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలెవర్నీ టూరుకి పంపలేదు. రిటైర్డ్ గారు "నిమిషాల్లో లేస్తుంది" అని మెచ్చుకున్నారు. నిమిషాల్లో లేచేది కరెంటే కాదు, కింద నదిలో నీళ్లు కూడా. అది కూడా రాయండి.

---

సీలేరు రిటైర్డ్ (సోమవారం ఉదయం)

రాయాల్సిందేనమ్మా. డిమాండు పెరిగినప్పుడు యూనిట్లు ఎక్కిస్తారు, తగ్గినప్పుడు దించుతారు. నదిలో నీళ్లు కూడా రోజూ అలాగే ఎక్కీ దిగీ చేస్తాయి. యూనిట్లు ఆపి గేట్లు ఎత్తాల్సి వస్తే ఇంకా ఉధృతంగా వస్తాయి. బట్టలుతికేవాళ్లు, గొడ్లు కడిగేవాళ్లు, చేపలవాళ్లు వీటి లెక్క ఎరగరు. సైరన్, మైకు, దిగువ ఊళ్లకి ఫోను, కాపలా మనిషి, ఇవన్నీ ఆపరేషన్ మాన్యువల్‌లో ఉంటాయి. బడ్జెట్ కోసేటప్పుడు మొదట పోయేది కాపలా మనిషే.

---

ఆటోనగర్ షెడ్డు (సోమవారం రాత్రి)

ఇంతమంది రాస్తారనుకోలేదు. మా అమ్మాయి పక్కనే కూర్చుని అన్నీ చదివింది. తను రాస్తానంటే ఫోను ఇచ్చాను. కింద రాసింది తనే.

అంకుల్స్, ఆంటీస్, నమస్తే. నాన్న నన్ను డ్యామ్ వ్యతిరేకిగా చూపించారు. నేను అడిగింది అది కాదు. రన్ ఆఫ్ ది రివర్ అంటే నది నదిలాగే ఉంటుందని మాస్టారు అంకుల్ అన్నట్టు అనిపించింది. కట్ట దగ్గర నీళ్లు సొరంగంలోకి మళ్లితే పవర్ హౌస్ దాకా ఆ కిలోమీటర్ల నదిలో ఏముంటుంది? నేపాల్‌లో నిబంధన ప్రకారం అత్యల్ప నెల సగటు ప్రవాహంలో పది శాతం వదలాలి. పది శాతంలో చేప ఎదురీదగలదా? నది సొరంగంలో పారుతుంది, ఊరికి రాళ్లు మిగులుతాయి. ఒకే నది మీద వరసగా ఏడెనిమిది కేంద్రాలు వస్తే నది ఎక్కడ కనబడుతుంది?

ఇంకోటి. సరస్సు తెగిన వరదలు ఇప్పటివి కావు. 1985లోనే ఎవరెస్ట్ కింద డిగ్ త్సో సరస్సు తెగి, పూర్తి కావస్తున్న చిన్న జల విద్యుత్ కేంద్రాన్ని ఊడ్చేసింది. 2016లో భోటేకోశీ మీద 45 మెగావాట్ల కేంద్రం దెబ్బతింది. ఇప్పుడు మంచు ఇంకా త్వరగా కరుగుతోంది. పాత ముప్పై నలభై ఏళ్ల ప్రవాహం లెక్కలు చూసి యాభై ఏళ్ల ప్రాజెక్టు కడుతున్నారు. నాన్న షెడ్డు కోసం అప్పు తీసుకుంటే బ్యాంకువాళ్లు వంద ప్రశ్నలు అడుగుతారు. ఇక్కడ ఎవరు అడుగుతున్నారు?

---

ఖాట్మండు కోడలు (మంగళవారం ఉదయం)

మంచి ప్రశ్న తల్లీ. ఇక్కడ కొంత అడిగారు కూడా. 1995లో ప్రపంచ బ్యాంకు అరుణ్-3 జల విద్యుత్ ప్రాజెక్టు నుంచి వెనక్కి తగ్గింది, అదీ జనం పట్టుబట్టాకే. ఇప్పుడు అదే పేరుతో 900 మెగావాట్లది మన ప్రభుత్వరంగ సంస్థ కడుతోంది.

ఒక తేడా మాత్రం అనంతగిరి అబ్బాయికి చెప్పాలి. ఇక్కడ చాలా ప్రాజెక్టుల్లో పది శాతం షేర్లు ప్రాజెక్టు వచ్చే ప్రాంతంవాళ్లకే ఇస్తారు. అప్పర్ తామాకోశీకి దోలఖా జిల్లా జనం అలాగే కొనుక్కున్నారు. అదేమీ స్వర్గం కాదు. 2015 భూకంపంతో పని ఆగింది, ఖర్చు పెరిగింది, అప్పు చేసి షేర్లు కొన్నవాళ్లు డివిడెండు కోసం ఎదురుచూస్తూ వడ్డీలు కట్టారు. అయినా ఊరోళ్లు కంపెనీ సర్వసభ్య సమావేశంలో మైకు పట్టుకుని యాజమాన్యాన్ని దులపడం నేను టీవీలో చూశాను. నష్టపరిహారం చేతిలో పెట్టి పంపేయడం కంటే అది వేరు.

---

అనంతగిరి అబ్బాయి (మంగళవారం ఉదయం)

అక్కా, ఇది నాకు తెలీదు. మన దేశంలో 2008 జల విద్యుత్ విధానం ప్రకారం 12 శాతం ఉచిత కరెంటు రాష్ట్రానికి, ఇంకో శాతం స్థానిక అభివృద్ధి నిధికి. అంటే మా పేరు చెప్పి వచ్చేది కూడా అమరావతికో కలెక్టరేట్‌కో పోతుంది. షేరు అడిగితే నవ్వుతారు. ఈసారి గ్రామసభలో అడుగుతాం, నవ్వితే నవ్వనీ.

---

లెక్కల మాస్టారు (మంగళవారం మధ్యాహ్నం)

పాప చెప్పిన పది శాతం విషయం నేను దాటేసిన మాట నిజం. డబ్బు లెక్క కూడా నేననుకున్నంత శుభ్రంగా లేదు. భూటాన్‌లో పునత్సాంగ్‌ఛు-1 సంగతి చూడండి. 2008లో మొదలు, అంచనా మూడున్నర వేల కోట్లు. 2013లో డ్యామ్ దగ్గర కుడివైపు కొండ జారింది. దాన్ని నిలబెట్టడానికే ఏళ్లు పట్టింది, ఖర్చు తొమ్మిది వేల కోట్లు దాటింది. కొండ లోపల ఏముందో తవ్వేదాకా ఎవరికీ తెలియదు, వడ్డీ మాత్రం తెలియకుండానే పెరుగుతుంది. లావోస్ కూడా పక్క దేశాలకు కరెంటు అమ్మి బాగుపడదామని వరసగా డ్యాములు కట్టి అప్పుల్లో కూరుకుంది. 2018లో అక్కడ కట్టుబడిలోని ఒక మట్టికట్ట తెగి ఊళ్లు మునిగాయి.

అయినా నేనింకా మీ తమ్ముడి వైపే ఉన్నాను షెడ్డు గారూ. నేపాల్ కరెంటు ఆపేస్తే మళ్లీ డీజిలూ గ్యాసూ కొనాలి. బీహార్ బొగ్గు కరెంటు తెచ్చుకోవాలి. దానివల్ల కరిగేది కూడా అదే హిమాలయం.

---

టన్నెల్ తమ్ముడు (మంగళవారం రాత్రి)

షెడ్డు అన్నా, నీ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. పని ఉంటుంది. 2024 జనవరిలో మన దేశం నేపాల్ నుంచి పదేళ్లలో 10 వేల మెగావాట్ల దాకా కొంటామని ఒప్పందం చేసుకుంది. కానీ ఒప్పందాలకీ పనికీ మధ్య చాలా దూరం ఉంటుంది. మన రాజాం మూలాలున్న పెద్ద కంపెనీయే నేపాల్‌లోని అప్పర్ కర్ణాలీ ప్రాజెక్టుకి 2008లో సంతకం పెట్టింది, 2014లో అసలు ఒప్పందం అయింది, తర్వాత నిధులు సర్దుబాటు కాక గడువు మీద గడువు. అంత పెద్దోళ్లకే అలా ఉంటే నీ పైపుల బిల్లు ఎంత? అడ్వాన్సు లేకుండా ప్లేటు కొయ్యకు. ఇంకో సంగతి కనుక్కో. ఆ ప్రాజెక్టులో చైనా వాటాగానీ చైనా కాంట్రాక్టరుగానీ ఉంటే మన దేశం ఆ కరెంటు కొనదు. కొనేవాడు లేకపోతే వాళ్ల దగ్గర డబ్బులుండవు.

---

సీలేరు రిటైర్డ్ (మంగళవారం రాత్రి)

ఇక వేన్ కథ. మన తూర్పు కనుమల రాయి పాతది, గట్టిది. సీలేరు నీళ్లలో ఒండ్రు తక్కువ. అందుకే మా యంత్రాలు అన్నేళ్లు నిలిచాయి. హిమాలయం ఇంకా పెరుగుతున్న కొండ, ప్రతి వానకీ రాలుతూనే ఉంటుంది. ఆ ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువ, అది స్టీలుకంటే గట్టిది. వందల మీటర్ల ఎత్తు నుంచి దిగిన నీళ్లలో ఆ ఇసుక ఉంటే టర్బైన్లకు వాడే 13-4 స్టెయిన్‌లెస్ స్టీలు కూడా నిలవదు. సట్లెజ్ మీద 1500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రీలో నీళ్లలో సిల్ట్ (ఒండ్రు) 5000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 5000 పాళ్లు) దాటితే కేంద్రాన్నే ఆపేస్తారు. నీళ్లు పుష్కలంగా ఉన్న వానాకాలంలోనే ఆపాల్సి వస్తుంది చూడండి. టంగ్‌స్టన్ కార్బైడ్ కోటింగ్ వేస్తే ఆయుష్షు పెరుగుతుంది, అదీ అమరత్వం కాదు. రిజర్వాయరున్న చోట ఇసుక డ్యామ్ వెనక దిగిపోతుంది, యంత్రం బతుకుతుంది, రిజర్వాయరు నిండిపోతుంది. 1993 వరదకి నేపాల్‌లోని కులేఖాని రిజర్వాయరు అలాగే కొంత పూడిపోయింది.

కాబట్టి మీ షెడ్డుకి పని కొత్త కేంద్రాల్లో కంటే ఈ రిపేర్లలోనే ఎక్కువ. ప్రతి వానాకాలం అయ్యాక వేన్లు వస్తూనే ఉంటాయి.

---

ఆటోనగర్ షెడ్డు (గురువారం రాత్రి)

అందరికీ థ్యాంక్స్. పైపులకు నలభై శాతం అడ్వాన్సు అడిగాను, గొణుగుతున్నారు గాని కాదనలేదు. చైనా వాటా లేదని రాసి పంపారు. మా అమ్మాయి చెప్పినట్టు నెలవారీ ప్రవాహం, సిల్ట్ లెక్కలు కూడా అడిగాను. ఏడాది సగటు ఒక్కటే పంపారు. వాళ్లకి ఆ అంకె ఎందుకు చాలిందో నాకు అర్థం కాలేదు. కోటింగుకి రెండేళ్ల గ్యారంటీ కావాలంటున్నారు. ఏం రాయమంటారు సార్?

---

సీలేరు రిటైర్డ్ (గురువారం రాత్రి)

ఏళ్లలో గ్యారంటీ ఎప్పుడూ రాయొద్దు బాబూ. యంత్రం తిరిగిన గంటల్లో రాయి, అదీ ఫలానా పీపీఎం లోపు నీళ్లకే అని. ఆ పీపీఎం రోజూ కొలిచి రిజిస్టరులో రాసే బాధ్యత వాళ్లదని కొటేషన్‌లోనే పెట్టు. ఇసుక తొట్టిని ఎన్నిసార్లు కడుగుతున్నారో కూడా అడుగు. ఒప్పుకోకపోతే పైపుల వరకే పని తీసుకుని వేన్లు వదిలేయ్.